ముఖం మార్చారు సరే, గేటు మాటేమిటి?

హనుమకొండ చౌరస్తా సమీపంలో కొత్త హోటల్ కట్టబోతున్న యాజమాన్యానికి, దాని ప్లాన్లు గీసిన ఆర్కిటెక్టులకు, వాటిని పరిశీలించనున్న పట్టణ ప్రణాళికా అధికారులకు,

నమస్కారం.

మీ స్థలం వెనుక సందులో మూడో ఇల్లు మాది. ముప్పై రెండేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇంకొకరి బుర్రలో ఉన్న భవనాన్ని కాగితం మీదికి దించడమే నా వృత్తి. మొన్న ఆదివారం మీరు చుట్టుపక్కలవాళ్లను పిలిచి, చాయ్, సమోసాలు పెట్టి, మార్చిన నమూనాను గోడకు అంటించారు. అందరూ రంగుల బొమ్మ ముందు గుమిగూడితే నేను మూలన ఉన్న నేల అంతస్తు ప్లాను ముందు నిలబడ్డాను. రంగుల బొమ్మను నమ్మి పిల్లనైనా ఇవ్వవచ్చు గానీ పునాది తీయకూడదు. మీ మేనేజరు గారు రెండుసార్లు వచ్చి "అంకుల్, ఎలివేషన్ అటువైపు ఉంది" అని మర్యాదగా దారి చూపించారు. నేను కదలలేదు. ఆయన ఏమీ అనుకోవద్దు.

ముందే చెప్పాలి, నేను హోటల్ వద్దనే మనిషిని కాను. మా సందులో అలాంటివాళ్లు ఉన్నారు, వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. నా మటుకు నాకు ఈ ఊరికి మంచి హోటల్ కావాలి. 2021లో రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ గుడిని చూడటానికి వచ్చేవాళ్లలో చాలామంది పొద్దున హైదరాబాద్‌లో బయలుదేరి, వేయిస్తంభాల గుడి దగ్గర పావుగంట ఆగి, కోటలో తోరణాల ముందు ఫొటో దిగి, రామప్ప ఉన్న పాలంపేట వెళ్లి, రాత్రికి మళ్లీ హైదరాబాద్ చేరుకుంటారు. మన ఊళ్లో వాళ్లు ఖర్చు పెట్టేది రెండు చాయ్‌లు, ఒక భోజనం. పైగా మేడారం జాతరకు రెండేళ్లకోసారి వచ్చే జనం ఉన్నారు. ఎంజీఎం ఆసుపత్రిలో రోగి దగ్గర ఉండటానికి పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. పోటీ పరీక్ష రాయడానికి కూతురిని వెంటబెట్టుకుని ముందురోజు రాత్రే దిగే తండ్రులు, ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి వ్యాపారులు, నిట్‌లో కొడుకును చేర్పించడానికి వచ్చే తల్లులు ఉన్నారు. వీళ్లందరికీ శుభ్రమైన గది, తాళం సరిగా పడే తలుపు, వేడినీళ్లు కావాలి. చౌరస్తాకు, బస్టాండుకు నడిచి వెళ్లగలిగే చోట అవి దొరికితే ఎవరికి చేదు?

మన దగ్గర హోటల్ అంటే ఇడ్లీ, చాయ్ దొరికే చోటు. పడుకునే చోటును లాడ్జి అనేవాళ్లం. మీ స్థలంలో పెట్టిన బోర్డు చదివి మా పక్కింటి పెద్దమ్మ "పొద్దున ఎన్నింటికి తెరుస్తారట?" అని అడిగింది. అప్పుడు నవ్వాను. ఆ ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక మీ రెండో నమూనా. మొదటిసారి ఎనిమిది అంతస్తులు వేశారు. అభ్యంతరాలు వచ్చాక ఏడుకు తగ్గించారు. తొంభై గదులు డెబ్భై రెండయ్యాయి. ముందువైపు మొత్తం అద్దాలు ఉండేవి, ఇప్పుడు సగమే అద్దాలు. అది మంచి పని, ఎందుకంటే మీ ముఖం పడమటికి ఉంది. మే నెలలో మధ్యాహ్నం మూడు గంటలకు ఆ రోడ్డు మీద ఒక్కసారి నిలబడితే అద్దాల సంగతి ఆర్కిటెక్టుకు ఎవరూ చెప్పనక్కరలేదు. అద్దాలు తీసిన చోట కాకతీయుల కీర్తితోరణాన్ని పెట్టారు. అంతా బాగుందని చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, పక్కవాళ్లు కొడుతుంటే ఊరికే ఉండటం బాగుండదని.

ఆ తోరణం గురించి కాస్త మాట్లాడుకోవాలి. ఈ ఊళ్లో అది లేని చోటు లేదు. పెళ్లిపత్రిక మీద ఉంటుంది, స్వాగత ద్వారాల మీద ఉంటుంది, బడి పిల్లల జ్ఞాపికల మీద ఉంటుంది, రాష్ట్ర చిహ్నంలో చార్మినార్‌తో పాటు ఉంది. ఓరుగల్లు కోట నడిబొడ్డున స్వయంభూ శివాలయం ఉన్న చోట నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలిచి ఉన్నాయి. గుడి కూలిపోయినా అవి మిగిలాయి. తోరణం అంటే ద్వారం. దాని కింద నుంచి మనిషి నడిచి లోపలికి పోవాలి. మీరు దాన్ని ఐదో అంతస్తు గోడకు అతికించారు. దాని వెనుక ఏసీ యంత్రాలు పెడతారని సెక్షన్ (భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) చూస్తే తెలిసింది. ద్వారం ఐదో అంతస్తు మీద ఉండటం నా సర్వీసులో మొదటిసారి చూశాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ హోటల్‌కు ఉన్న అసలు చిక్కు కూడా ద్వారమే. పైన బొమ్మ ద్వారం చెక్కించారు, కింద నిజమైన గేటును మాత్రం మొదటి నమూనాలో ఎక్కడ ఉందో అక్కడే వదిలేశారు.

మీ స్థలం రోడ్డు వెంట 110 అడుగులు, లోతు 170 అడుగులు. పడమట మెయిన్ రోడ్డు, దక్షిణాన 40 అడుగుల అడ్డరోడ్డు, తూర్పున మా 18 అడుగుల సందు. వాహనాలు వచ్చే గేటును మెయిన్ రోడ్డు మీద, ఉత్తరం చివర, సిగ్నల్‌కు దగ్గరగా పెట్టారు. టేపుతో కొలిచాను. సిగ్నల్ గీతకు, మీ గేటుకు మధ్య 150 అడుగులు ఉంది. గేటు దాటాక పన్నెండు అడుగులకే సెల్లారులోకి దిగే ర్యాంపు మొదలవుతుంది. మామూలు కారు పొడవే పదమూడు, పద్నాలుగు అడుగులు. అంటే ర్యాంపు మొదట్లో ఒక కారు ఆగితే దాని తోక గేటు బయట ఉంటుంది, దాని వెనుక వచ్చే కారు పూర్తిగా రోడ్డు మీద ఉంటుంది.

ర్యాంపు అంత ముందుకు ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. సెల్లారు లోతు పన్నెండు అడుగులు. ఎనిమిదికి ఒకటి వాలు చొప్పున వేస్తే 96 అడుగుల పొడవు కావాలి. వెనుక లిఫ్టు, మెట్లు, వంటగది పోగా మిగిలిన చోటులో అంత పొడవు పట్టించాలంటే ర్యాంపును గేటు దాకా నెట్టక తప్పలేదు. గీసినవాళ్లను తప్పు పట్టడం లేదు. కుర్చీలో కూర్చుని గీస్తే అలాగే వస్తుంది, నేనూ అలాంటివి గీశాను.

ఇప్పుడు మీ రెండో అంతస్తు చూద్దాం. ఫంక్షన్ హాలు, ఎనిమిది వందల మందికి. అంతస్తు తగ్గింది, గదులు తగ్గాయి, హాలు మాత్రం ఒక్క కుర్చీ తగ్గలేదు. హాలు వల్లనే డబ్బు వస్తుందని మీ లెక్క. వస్తుంది కూడా. కానీ మాఘమాసంలో మంచి ముహూర్తం ఉన్న రోజు సాయంత్రం ఏమవుతుందో లెక్క వేయండి. ఎనిమిది వందల మందిలో సగం మంది కార్లలో వస్తారనుకుందాం. కారుకు నలుగురు చొప్పున వంద కార్లు. మీ రెండు సెల్లారుల్లో కలిపి 84 కార్లకు చోటు, అందులో గదుల్లో దిగినవాళ్ల కార్లు కూడా ఉండాలి. సరే, ఆ సంగతి వదిలేద్దాం. ఒక్కో కారును గేటు దగ్గర ఆపి చీటీ ఇచ్చి పంపడానికి ఇరవై సెకన్లు. నిమిషానికి మూడు కార్లు లోపలికి పోతాయి. రిసెప్షన్‌కు ఎవరూ సమానంగా విడివిడిగా రారు, ఏడున్నరకు అందరూ ఒక్కసారే వస్తారు. నిమిషానికి ఐదు కార్లు వచ్చాయనుకోండి. రెండు చొప్పున బయట మిగిలిపోతాయి. పది నిమిషాల్లో ఇరవై కార్లు. కారుకు, మధ్య ఖాళీకి కలిపి ఇరవై అడుగులు. మొత్తం 400 అడుగుల వరుస. సిగ్నల్ 150 అడుగుల దూరంలోనే ఉందని పైన చెప్పాను.

ఇందులో బరాత్‌ను లెక్కవేయలేదు. పెళ్లికొడుకు కారు ముందు డప్పులు, పాటలపెట్టె వ్యాను, వాళ్ల ముందు నాట్యం చేసే మేనమామలు. వాళ్లకు సెకన్ల లెక్క వర్తించదు.

మన ఊళ్లో ఒక కల్యాణ మండపాన్ని మార్చి కట్టిన చరిత్ర ఉంది, మీ ఆర్కిటెక్టులకు తెలియనిది కాదు. రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి ఎదుట ఉన్న మండపాన్ని 2006లో ఒక్కో రాయిగా విప్పారు. విప్పి, అడుగున కాకతీయులు ఇసుకతో నింపిన పునాది దాకా వెళ్లి, మళ్లీ కింది నుంచి పైకి నిలబెట్టారు. 2024 మార్చిలో అది తిరిగి తెరుచుకుంది. దాదాపు పద్దెనిమిదేళ్లు పట్టింది, మధ్యలో ఎన్నిసార్లు విసుక్కున్నామో మాకే తెలుసు. అయినా ఒక్కటి ఒప్పుకోవాలి. ఎవరూ పైన సున్నం కొట్టి, రెండు కొత్త స్తంభాలు ఆనించి, మండపం బాగైందని చెప్పలేదు. మిమ్మల్ని పద్దెనిమిదేళ్లు ఆగమనడం లేదు. పద్దెనిమిది రోజులు కూర్చుని నేల అంతస్తు మళ్లీ గీయండి చాలు.

గుడి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మీ స్థలం ఈ గీతలకు బయటే ఉంది. కొందరు ఆ వాదన లేవదీస్తున్నారు గానీ అది నిలవదు, నేను దానిలో లేను.

సెల్లారు దగ్గరికి వస్తే నాకు కొంచెం కోపం వస్తుంది. 2020 ఆగస్టులో ఈ ఊరు ఎలా ఉందో, 2023 జులైలో ఎలా ఉందో చూశాం. రెండోసారి భద్రకాళి చెరువు కట్టే తెగింది. ఆ రెండు వానల్లోనూ మీ స్థలం ముందు రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు పారాయి. పాత యజమాని షట్టర్ల మీద మరక చాలాకాలం ఉండేది, మీరు వాటిని పడగొట్టారు కాబట్టి మరక కూడా పోయింది. అలాంటి చోట రెండో సెల్లారు అడుగున జనరేటరు, కరెంటు ప్యానెళ్లు, తాగునీటి సంపు మూడూ పక్కపక్కన పెట్టారు. నీళ్లు దిగిన రోజు ముందు కరెంటు పోతుంది, కరెంటు పోతే నీళ్లు తోడే మోటారు ఆగుతుంది, మోటారు ఆగితే సంపులోకి మోరీ నీళ్లు వస్తాయి. ఆ రాత్రి పై అంతస్తుల్లో డెబ్భై రెండు గదుల వాళ్లు ఉంటారు.

పైగా మాది రాతినేల. మా ఇంట్లో బోరు వేసినప్పుడు పదకొండు అడుగుల దగ్గర రాయి తగిలింది. రెండో సెల్లారు కోసం మీరు ఇరవై నాలుగు అడుగులు దిగాలి. అంటే నెలల తరబడి రాయి కొట్టే యంత్రం, చుట్టూ నలభై ఏళ్ల నాటి గోడలు. ఆ ఖర్చు మీది, ఆ పగుళ్లు మావి. హాలును రెండు వందల యాభై మందికి తగ్గిస్తే రెండో సెల్లారు అవసరమే రాదు. రాయి కొట్టే ఖర్చు, నీళ్లు తోడే ఖర్చు, ఆ సెల్లారు కట్టే ఖర్చు మిగులుతాయి. ఆ డబ్బుతో హాలు తగ్గగా మిగిలిన చోట పన్నెండు గదులు వేసుకోవచ్చు. వాటిలో నాలుగు పెద్దవి చేసి ఆరేసి మంచాలు వేయండి. జాతరకు వచ్చే కుటుంబానికి, పరీక్షలకు వచ్చే ఆడపిల్లల గుంపుకు అలాంటి గదులు ఇప్పుడు ఈ చుట్టుపక్కల దొరకడం లేదు. పెళ్లిళ్ల మూఢంలో మీ హాలు తాళం వేసుకుని ఉంటుంది. ఆసుపత్రికి, పరీక్షకు, మార్కెట్‌కు మూఢం ఉండదు.

నీళ్ల గురించే ఇంకో లెక్క. మీ పైకప్పు సుమారు పదివేల చదరపు అడుగులు. పది సెంటీమీటర్ల వాన పడితే దాని మీద 93 వేల లీటర్లు పడతాయి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే పద్దెనిమిదికి పైనే. ప్లానులో ఒక్క ఇంకుడు గుంత చూపించారు, అదీ మూలన, నిబంధన ఉంది కాబట్టి ఉన్నట్టుగా. తోరణం బదులు కాకతీయుల దగ్గర నేర్చుకోవలసింది ఇక్కడ ఉంది. ఒక చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువులోకి పోయేలా గొలుసుకట్టు చెరువులు తవ్వించారు వాళ్లు. దక్షిణం వైపు సెట్‌బ్యాక్‌లో, అంటే భవనం చుట్టూ వదిలే ఖాళీలో, నాలుగు గుంతలు వరుసగా తీసి, ఒకటి నిండితే రెండో దానిలోకి పోయేలా వాలు పెట్టండి. నాలుగూ నిండాక మిగిలింది మోరీలోకి పోనివ్వండి. దానికి శిల్పి అక్కరలేదు, మట్టం చూడటం తెలిసిన మేస్త్రీ చాలు.

మా సందు సంగతి క్లుప్తంగా చెబుతాను, లేకపోతే నా స్వార్థం కోసమే ఇంత రాశానంటారు. వంటగది పొగగొట్టం రెండో అంతస్తు ఎత్తున మా కిటికీల వైపు తిరిగి ఉంది, దాన్ని పైకప్పు దాకా తీసుకుపోండి. చెత్త బండి, కూరగాయల ఆటో, గ్యాసు సిలిండర్లు, దుప్పట్ల వ్యాను అన్నీ సందులోనే ఆగేలా గీశారు. 18 అడుగుల సందులో వ్యాను నిలబడితే అంబులెన్సు రాదు. సామాను దింపే చోటు మీ స్థలం లోపలే ఉండాలి.

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్న. పొద్దున ఎన్నింటికి తెరుస్తారు? మీరు కొనకముందు ఆ 110 అడుగుల ముందుభాగంలో తొమ్మిది షట్టర్లు ఉండేవి. కళ్లజోళ్లు బాగుచేసే ఆయన, ఇద్దరు దర్జీలు, పూలదండల దుకాణం, జిరాక్సు, పొద్దున ఐదింటికే పొయ్యి వెలిగించే చాయ్ హోటల్. బస్సు దిగినవాళ్లు ఆ వెలుతురు చూసి నడిచేవాళ్లు. మీ ప్లానులో వాటి బదులు ఆరడుగుల గ్రానైటు గోడ, దాని వెనుక గడ్డి, నీళ్లు చిమ్మే ఫౌంటెను ఉన్నాయి. చీకటి పడితే అది 110 అడుగుల గోడే. ఊరి నడిబొడ్డున గోడ కట్టేవాళ్లు కోట కట్టుకోవాలి గానీ హోటల్ కట్టకూడదు. మీ రెస్టారెంటును మొదటి అంతస్తు నుంచి నేలకు దింపి రోడ్డు వైపు తలుపు పెట్టండి. గదిలో దిగినవాడూ రోడ్డున పోయేవాడూ ఒకే కౌంటరులో చాయ్ తాగగలగాలి. పక్కన నాలుగు చిన్న షట్టర్లు ఇచ్చి, పాతవాళ్లను ముందుగా అడగండి. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు ఎదుటి ఫుట్‌పాత్ మీద గొడుగు కింద కూర్చుంటున్నారు, మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. మూలన వేపచెట్టు ఉంది. కొట్టాలంటే ఎలాగూ అనుమతి తీసుకోవాలి. గోడను ఎనిమిది అడుగులు వెనక్కి జరిపితే ఆ అవసరం రాదు, ఫౌంటెను కంటే ఆ నీడకే ఎక్కువ మంది వస్తారు.

ఫుట్‌పాత్ విషయంలో నేను పట్టుబడతాను. ఎంగిలిపూల బతుకమ్మ నాటి సాయంత్రం మన ఆడవాళ్లు బతుకమ్మలను చేతుల్లో పెట్టుకుని వేయిస్తంభాల గుడి వైపు నడుస్తారు, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట వైపు నడుస్తారు. రెండు చేతులూ పళ్లెం మీద ఉంటాయి, కొంగు పట్టుకున్న పిల్లలు పక్కన ఉంటారు, కాళ్ల కింద ఏముందో కనబడదు. మీ గేటు కోసం ఫుట్‌పాత్‌ను ఇరవై అడుగుల వెడల్పున కోసి, అటూ ఇటూ అడుగు ఎత్తు మెట్టు చూపించారు. ఆ మెట్టు మీద ఒక్క బతుకమ్మ ఒరిగినా ఆ తప్పును ఏ తోరణమూ కప్పలేదు.

కాబట్టి నేను అడిగేది ఇది. వాహనాల గేటును మెయిన్ రోడ్డు మీద నుంచి తీసి దక్షిణాన ఉన్న 40 అడుగుల అడ్డరోడ్డు మీదికి, తూర్పు చివరకు మార్చండి. అక్కడ లోపలికి వచ్చిన కార్లు తూర్పు, ఉత్తరం సెట్‌బ్యాక్‌ల వెంట తిరిగి ర్యాంపు చేరేలా గీస్తే పది కార్లు స్థలం లోపలే నిలబడతాయి. ర్యాంపు మొదట్లో రోడ్డు కంటే అడుగున్నర ఎత్తు మిట్ట ఇవ్వండి, వాననీళ్లు అక్కడే ఆగుతాయి. కరెంటు ప్యానెళ్లను నేల అంతస్తుకు ఎత్తండి. హాలు తగ్గించండి. మెయిన్ రోడ్డు వైపు మనుషులకే దారి ఉంచండి. తోరణం ఉండాలనే పట్టుదల ఉంటే ఆ దారి మీద పెట్టండి, దాని కింద నుంచి మనుషులు నడిచి వస్తారు. మీ ఏడు అంతస్తులకు, డెబ్భై రెండు గదులకు నాకు అభ్యంతరం లేదు.

అధికారులకు రెండే మాటలు. పెద్ద భవనాల అనుమతికి 2020 నాటి చట్టంలో 21 రోజుల గడువు పెట్టారు, ఆలస్యం తగ్గింది, మంచిదే. ఆ గడువులో ఒక సాయంత్రాన్ని కాగితాల మీద కాకుండా ఆ రోడ్డు మీద గడపండి. రెండోది, కట్టడం పూర్తయ్యాక సెల్లారులో దిగి చూడండి. పార్కింగ్ అని గీసిన సెల్లారు కొన్నాళ్లకు గోదాముగా మారడం ఈ ఊళ్లో కొత్త కాదు, అలాంటి ప్లాన్లు కొన్నింటికి నా చేతి గీతలే ఉన్నాయి.

పైన చెప్పిన మార్పులన్నీ ఒక ట్రేసింగ్ కాగితం మీద గీసి మీ స్థలం కాపలాదారుకు ఇచ్చాను. స్కేలు మీదే, గీతలు పెన్సిలువి కాబట్టి చెరిపి దిద్దుకోవచ్చు. వచ్చే ముహూర్తం రోజు సాయంత్రం ఏడున్నరకు మీ ఆర్కిటెక్టును పంపండి. రోడ్డుకు అవతల ఉన్న పాత ఫంక్షన్ హాలు ముందు నిలబడి కార్ల వరుస ఎక్కడి దాకా వస్తుందో ఇద్దరం కొలుద్దాం. టేపు నేను తెస్తాను.

ఇట్లు,
మీ స్థలం వెనుక సందులో ఉంటున్న ఒక రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్,
హనుమకొండ